ఫ్రాంజ్ నోప్చా: తాబేలును కొలబద్దగా చేసుకుని మరుగుజ్జు డైనోసార్లను గుర్తించిన బారన్

లండన్‌లోని సహజ చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉన్న శిలాజాలలో ఒక తాబేలు ఉంది. సుమారు 7 కోట్ల సంవత్సరాల క్రితం, డైనోసార్ల యుగం ముగింపునకు చేరుతున్న కాలంలో, నేటి రొమేనియా భూభాగంలో జీవించిన తాబేలు అది. శాస్త్రలోకంలో దాని పేరు కల్లోకిబోటియన్ బయజీది. ఇందులో మొదటి మాట గ్రీకు భాషది. అందమైన చిన్న పెట్టె అని దాని అర్థం. రెండో మాట ఒక మనిషి పేరు.

ఆ మనిషి బయజీద్ ఎల్మాజ్ దోడా. ఆయన శాస్త్రవేత్త కాదు, శిలాజాల వ్యాపారి కాదు. బాల్కన్ పర్వతాలలోని ఒక మారుమూల గ్రామంలో పుట్టిన అల్బేనియన్. ఆయన పేరును తాబేలుకు పెట్టినవారు హంగేరీకి చెందిన బారన్ ఫ్రాంజ్ నోప్చా. పురాజీవ శాస్త్ర చరిత్రలో ఆయనది ప్రత్యేక స్థానం. ద్వీపంలో చిక్కుకున్న డైనోసార్లు తరతరాలుగా కుదించుకుపోయి మరుగుజ్జులయ్యాయని మొదట చెప్పింది ఆయనే.

తాబేలుకు ఆ పేరు పెట్టింది 1923లో. సరిగ్గా పదేళ్లకు, 1933 ఏప్రిల్ 25న, వియన్నాలోని తమ ఇంట్లో నోప్చా బయజీద్‌ను కాల్చి చంపి, తానూ ప్రాణం తీసుకున్నారు.

ఈ రెండు సంఘటనల మధ్య ఉన్న మనిషిని అర్థం చేసుకోవాలంటే ఆయన పుట్టిన లోయ దగ్గర మొదలుపెట్టాలి.

చెల్లెలికి దొరికిన ఎముకలు

నోప్చా 1877 మే 3న ట్రాన్సిల్వేనియాలోని దేవా పట్టణంలో జన్మించారు. అప్పుడది ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యంలో భాగం. తండ్రి హంగేరీ పార్లమెంటు సభ్యుడు. పెద్ద జమీందారీ కుటుంబం. రాజాస్థానంతో దగ్గరి సంబంధాలుండేవి. హత్సెగ్ లోయలోని సచెల్ గ్రామంలో వారికి భవంతి, దాని చుట్టూ పొలాలు ఉండేవి. ఇంట్లో హంగేరియన్, జర్మన్ మాట్లాడేవారు. పొలాల్లో పనిచేసే రైతులది రొమేనియన్ భాష. చిన్ననాడే పలు భాషల మధ్య పెరగడం ఆయనకు తరువాత ఎంతో ఉపయోగపడింది.

1895లో ఆయన చెల్లెలు ఇలోనాకు తమ భూముల్లో, సెంట్‌పేటర్‌ఫాల్వా అనే గ్రామం దగ్గర, కొన్ని వింత ఎముకలు కనిపించాయి. అవి రాళ్లలా బరువుగా, ముదురు రంగులో ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల నోప్చా వాటిని వియన్నాకు తీసుకువెళ్లి, ఆ కాలపు మహా భూగర్భ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూస్‌కు చూపించారు.

సూస్ పేరు భారతదేశానికీ కొత్త కాదు. దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని ప్రతిపాదించి, ఆ మహా భూభాగానికి మధ్య భారతంలోని గోండుల నేల పేరు మీద గోండ్వానా అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. అంతటి పండితుడు ఆ ఎముకలను తన దగ్గర ఉంచుకోలేదు, మరొకరికి అప్పగించలేదు. తెచ్చిన కుర్రవాడినే అధ్యయనం చేయమన్నారు.

నోప్చాకు అప్పటికి శరీర నిర్మాణ శాస్త్రం తెలియదు. వియన్నా విశ్వవిద్యాలయంలో చేరి, పుస్తకాలు ముందేసుకుని, బతికి ఉన్న సరీసృపాల అస్థిపంజరాలతో తన ఎముకలను ఒక్కొక్కటిగా పోల్చుకుంటూ నేర్చుకున్నారు. 1899లో, ఇరవై రెండేళ్ల వయసులో, వియన్నా శాస్త్ర అకాడమీ ముందు తన మొదటి డైనోసార్ గురించి ప్రసంగించారు. బాతు ముక్కును పోలిన మూతి ఉన్న శాకాహారి అది. దానికి తొలుత పెట్టిన పేరు అంతకుముందే మరో జంతువుకు ఉందని తేలడంతో, 1903లో టెల్మటోసారస్ అని మార్చారు. డాక్టరేట్ కూడా అదే సంవత్సరం వచ్చింది.

ఎముకను చూసి బతుకును చదవడం

ఆ రోజుల్లో శిలాజాలను పరిశీలించేవారిలో చాలామంది పని ఒకే తీరున సాగేది. ఎముకను కొలిచి, వర్ణించి, పేరు పెట్టి, అరలో పెట్టేవారు. నోప్చాకు అది చాలలేదు. ఈ దవడ ఎలా నమిలేది? ఈ కండరం ఎక్కడ అతుక్కునేది? ఈ జంతువు ఎంత వేగంగా పెరిగేది? మగదేది, ఆడదేది? అన్నవి ఆయన ప్రశ్నలు.

ఆ ప్రశ్నలు ఆయనను చాలా దూరం తీసుకువెళ్లాయి. 1907లో పక్షుల ఎగిరే శక్తి మీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. పక్షుల పూర్వీకులు చెట్ల మీద నుంచి దూకుతూ కాక, నేల మీద పరుగెత్తుతూ చేతులు ఆడించడం వల్ల ఎగరడం నేర్చుకున్నాయని వాదించారు. 1915లో కవచాలు, పలకలు ఉన్న డైనోసార్లన్నింటినీ థైరియోఫోరా అనే ఒక వర్గంగా కూర్చారు. ఆ పేరును శాస్త్రవేత్తలు నేటికీ వాడుతున్నారు. ఖండాలు కదులుతాయన్న వెగెనర్ సిద్ధాంతాన్ని చాలామంది కొట్టిపారేస్తున్న రోజుల్లో ఆయన దాన్ని సమర్థించారు.

అన్ని ఊహలూ నిలబడలేదు. తలపై శిఖ ఉన్న డైనోసార్లు మగవి, లేనివి ఆడవి అని భావించి ఆయన జత కలిపిన జంతువులు వేర్వేరు జాతులని తరువాత తేలింది. అయితే డైనోసార్లలో ఆడ, మగ తేడాను ఎముకల్లో వెతకాలన్న ఆలోచన మాత్రం ఆయనను దాటి నిలిచింది.

తాబేలు చెప్పిన సాక్ష్యం

హత్సెగ్ ఎముకల్లో నోప్చాను అన్నిటికంటే వేధించిన విషయం వాటి పరిమాణం. లోయలో దొరికిన పొడవు మెడ డైనోసార్, ఆ తరువాత మాగ్యారోసారస్ అని పేరు పొందినది, సుమారు 6 మీటర్ల పొడవే ఉంది. దాని బంధువులు ఇతర ఖండాల్లో అంతకు రెండు మూడు రెట్లు ఉండేవి. టెల్మటోసారస్ సుమారు 5 మీటర్లు. ఉత్తర అమెరికాలో దాని బంధువులు 10 మీటర్లు దాటేవి. కవచం ఉన్న స్ట్రుథియోసారస్ కూడా తన వర్గంలో చిన్నదే.

ఎముకలు చిన్నవిగా దొరకడానికి కారణాలు అనేకం ఉండవచ్చు. అవి పిల్ల జంతువులవి కావచ్చు. వరద నీరు చిన్న కళేబరాలను మాత్రమే మోసుకొచ్చి అక్కడ పేర్చి ఉండవచ్చు. నేల నిస్సారమై అక్కడి జంతువులన్నీ గిడసబారి ఉండవచ్చు. వీటిలో ఏది నిజమో తేల్చాలంటే పోల్చి చూసేందుకు ఒక కొలబద్ద కావాలి.

ఆ కొలబద్ద అదే రాళ్లలో ఉంది. డైనోసార్ ఎముకల పక్కనే తాబేళ్ల డిప్పలు, మొసళ్ల ఎముకలు దొరికేవి. నోప్చా వాటినీ కొలిచారు. తాబేళ్లు, మొసళ్లు మామూలు పరిమాణంలోనే ఉన్నాయి. డైనోసార్లు మాత్రం దాదాపు ప్రతిసారీ చిన్నవే. తాబేలు తన సహజమైన పరిమాణానికి చేరుకోగలిగిందంటే లోయ మొత్తంగా జీవులను గిడసబార్చలేదన్నమాట. నీరు చిన్నవాటినే ఏరి తెచ్చిందన్న వాదనా బలహీనపడింది. కుదించుకుపోయింది ప్రత్యేకంగా డైనోసార్లే.

అప్పుడు ఆయనకు సముద్రం గుర్తొచ్చింది. క్రెటేషియస్ యుగం చివర్లో యూరప్ ఒకే భూఖండంగా లేదు. టెథిస్ సముద్రంలో చెల్లాచెదురైన దీవుల గుంపుగా ఉండేది. హత్సెగ్ అటువంటి ఒక దీవి. మధ్యధరా సముద్రంలోని మాల్టా, సైప్రస్, సిసిలీ దీవుల్లో మరుగుజ్జు ఏనుగుల ఎముకలు దొరకడం అప్పటికే తెలుసు. మేత పరిమితంగా ఉన్న దీవిలో పెద్ద శరీరం భారమవుతుంది. తక్కువ తిండితో త్వరగా ఎదిగే చిన్న శరీరాలు నిలుస్తాయి. ఏనుగులకు జరిగిందే అంతకు కోట్ల సంవత్సరాల ముందు డైనోసార్లకూ జరిగిందని నోప్చా తేల్చారు. 1912లో వియన్నాలో ఈ ఆలోచనను ప్రకటించారు. 1914లో అచ్చువేశారు.

పాతకాలపు పెట్టె

ఆ కొలబద్దకు ఆయన పూర్తి వర్ణన రాసి పేరు పెట్టడానికి 1923 దాకా సమయం పట్టింది. లండన్ భూగర్భ శాస్త్ర సంఘం పత్రికలో వచ్చిన ఆ వ్యాసం హత్సెగ్ జీవజాలం మొత్తాన్నీ పరిచయం చేస్తూ, అందులో కొత్త తాబేలును ప్రత్యేకంగా వివరించింది.

తాబేలు శరీరం సకశేరుకాలన్నింటిలో విచిత్రమైనది. దాని డిప్ప పైనుంచి తొడుక్కున్న కవచం కాదు. అది దాని అస్థిపంజరంలో భాగమే. పక్కటెముకలు వెడల్పుగా విస్తరించి, వెన్నుపూసలతో, చర్మం కింద ఏర్పడే ఎముక పలకలతో కలిసిపోయి పై డిప్పగా మారతాయి. పొట్ట వైపున మరికొన్ని ఎముకలు కలిసి అడుగు డిప్ప అవుతుంది. మనకు భుజపు ఎముకలు పక్కటెముకల గూడు బయట ఉంటే, తాబేలుకు అవి ఆ గూడు లోపల ఉంటాయి. నేటి తాబేళ్లకు పళ్లుండవు. చిలుక ముక్కు వంటి గట్టి అంచు ఉంటుంది.

డిప్ప గట్టిది కాబట్టి శిలాజంగా బాగా నిలుస్తుంది. కానీ తాబేలు వంశాన్ని గుర్తించడానికి డిప్ప ఒక్కటే సరిపోదు. తలను లోపలికి ఎలా తీసుకుంటుందో చెప్పే మెడ పూసలు కావాలి. దవడ కండరం పుర్రె మీదుగా ఏ దారిన సాగిందో, మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళాలు ఏ ఎముకల మధ్య నుంచి వెళ్లాయో తెలియాలి. నేటి తాబేళ్లు రెండు పెద్ద వర్గాలు. ఒక వర్గం మెడను పైకీ కిందికీ వంచి తలను వెనక్కి లాక్కుంటుంది. మరో వర్గం మెడను పక్కకు మడుచుకుంటుంది.

హత్సెగ్ తాబేలు డిప్ప సుమారు అర మీటరు పొడవుంటుంది. దాని నిర్మాణంలో నోప్చాకు కనిపించింది ప్రాచీనత. ఆ కాలానికి ఇతర ప్రాంతాల్లో కొత్త తరహా తాబేళ్లు విస్తరించగా, ఈ దీవిలో మాత్రం పాత తరహాది మిగిలింది. దీవి డైనోసార్లను మార్చింది, తాబేలును మార్చకుండా దాచింది. ఒకే నేల రెండు రకాలుగా పనిచేయగలదన్నది ఆ వ్యాసంలోని లోతైన విషయం.

తరువాతి శాస్త్రవేత్తలు ఈ తాబేలు దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చారు. 1992లో జరిగిన ఒక పరిశీలన దాన్ని తల వెనక్కి లాక్కునే వర్గంలోని ఆదిమ జీవిగా భావించింది. 2018లో కొత్తగా దొరికిన శిలాజాలతో చేసిన అధ్యయనం అది నేటి తాబేళ్ల రెండు వర్గాలూ విడిపోకముందే చీలిన పాత శాఖకు చెందినదని చెప్పింది. వంశవృక్షంలో స్థానం జరిగినా, నోప్చా గమనించిన ప్రాచీనత మాత్రం మరింత బలపడింది.

గోండ్వానా నేలలో తాబేళ్లు

సూస్ పేరు పెట్టిన గోండ్వానాలోనూ డైనోసార్ల కాలపు తాబేళ్లు ఉన్నాయి. ప్రాణహిత-గోదావరి లోయలోని కోటా శిలలు జురాసిక్ యుగానివి. బారపాసారస్, కోటాసారస్ అనే భారీ డైనోసార్లు అక్కడివే. కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు. అదే కోటా శిలల నుంచి భారత శాస్త్రవేత్తలు 2000లో ఇండోకెలిస్ స్పాచులాటా అనే తాబేలును వర్ణించారు. భారతదేశంలో గుర్తించిన మొదటి జురాసిక్ తాబేలు అది.

మరుసటి ఏడాది తమిళనాడులోని కల్లమేడు శిలల నుంచి మరో తాబేలు శాస్త్రలోకానికి పరిచయమైంది. అది క్రెటేషియస్ యుగం చివరిది, అంటే నోప్చా తాబేలుకు దాదాపు సమకాలికం. మెడను పక్కకు మడిచే వర్గానికి చెందినది. కూర్మావతారాన్ని తలపించేలా దానికి కూర్మడెమిస్ అని పేరు పెట్టారు. హత్సెగ్ తాబేలు తన చిన్న దీవిలో ఒంటరిగా ఉన్న రోజుల్లో భారతదేశం కూడా సముద్రంలో విడిగా ఉన్న భూభాగమే. అది ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి వేరుపడి ఆసియా వైపు కదులుతూ ఉండేది.

అల్బేనియా మోహం

నోప్చా జీవితంలో ఎముకలది సగం. మిగతా సగం అల్బేనియాది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో, అది ఇంకా ఒట్టోమాన్ సామ్రాజ్యంలో ఉన్నప్పుడే, ఆయన ఆ కొండల్లో తిరగడం మొదలుపెట్టారు. స్థానిక భాషను, తెగల మాండలికాలను నేర్చుకున్నారు. ఇళ్ల నిర్మాణం, దుస్తులు, పనిముట్లు, రక్త ప్రతీకార నియమాలు, కొండల భూగర్భ నిర్మాణం, అన్నిటినీ రాసుకున్నారు. ఉత్తర అల్బేనియా మీద ఆయన వెలువరించిన గ్రంథాలను ఆ దేశ చరిత్రకారులు ఇప్పటికీ సంప్రదిస్తారు.

1906లో బుకారెస్ట్‌లో ఆయనకు బయజీద్ పరిచయమయ్యారు. బయజీద్ స్వగ్రామం నేటి ఉత్తర మాసిడోనియాలోని ఎగువ రేకా లోయలో ఉంది. నోప్చా ఆయనను కార్యదర్శిగా నియమించుకున్నారు. అప్పటి నుంచి ఇరవై ఆరేళ్లకు పైగా వారు విడిపోలేదు. తనను నిజంగా ప్రేమించినవాడు, తాను పూర్తిగా నమ్మగలిగినవాడు బయజీద్ ఒక్కడేనని నోప్చా తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. అది దంపతుల వంటి అనుబంధమని చరిత్రకారులు చెబుతారు. 1907లో అల్బేనియాలో ఒక బందిపోటు ముఠా నోప్చాను బంధించి డబ్బు అడిగింది. ఆ చెర నుంచి ఆయన ప్రాణాలతో బయటపడ్డారు.

1913లో అల్బేనియాకు స్వాతంత్ర్య గుర్తింపు వచ్చి, దానికొక రాజును వెతుకుతున్నప్పుడు నోప్చా తననే ఎంచుకోమని ఆస్ట్రియా సైన్యాధిపతికి ప్రతిపాదించారు. కొందరు సైనికులను ఇస్తే చాలని, సింహాసనం దక్కాక ధనవంతుడైన అమెరికన్ కూతురిని పెళ్లాడి ఖజానా నింపుతానని ప్రణాళిక వేశారు. సామ్రాజ్యం ఆయన మాట వినలేదు. సింహాసనం ఒక జర్మన్ యువరాజుకు వెళ్లింది. ఆ యువరాజు కూడా ఆరు నెలల్లోనే దేశం విడిచి వెళ్లారు.

ఈ కాలంలోనే బయజీద్ కూడా ఒక పుస్తకం రాశారు. తన లోయలోని రైతుల జీవితం, పండుగలు, వలసలు, ఇంటి పనులను జర్మన్ భాషలో వివరించిన ఆ రచన 1914లో వియన్నాలో పూర్తయింది. అది అచ్చు కాకుండా దశాబ్దాల పాటు కాగితాల కట్టల్లో ఉండిపోయింది.

అన్నీ పోయాక

మొదటి ప్రపంచ యుద్ధంలో నోప్చా రొమేనియా సరిహద్దుల్లో గూఢచారిగా, ఆపై అల్బేనియాలో సైనికాధికారిగా పనిచేశారు. యుద్ధం ముగిసేసరికి ఆయన పుట్టిన సామ్రాజ్యం లేదు. ట్రాన్సిల్వేనియా రొమేనియాలో కలిసింది. 1920 నాటి ట్రియానన్ ఒప్పందం ఆ మార్పును ఖరారు చేసింది. నోప్చా కుటుంబ భూములు చేజారాయి. తన ఆస్తి కోసం తిరిగి వెళ్లినప్పుడు స్థానికులు ఆయనపై దాడి చేసి గాయపరిచారు. ఏ నేల తనకు డైనోసార్లను ఇచ్చిందో ఆ నేలలోనే ఆయన పరాయివాడయ్యారు.

తాబేలుకు పేరు పెట్టింది ఈ పరిస్థితుల్లోనే. దాదాపు అన్నీ పోయిన దశలో మిగిలిన ఒకే తోడు పేరును, పోగొట్టుకున్న లోయలో దొరికిన జీవికి ఇచ్చారు.

1925లో హంగేరీ ప్రభుత్వం ఆయనను బుడాపెస్ట్‌లోని భూగర్భ శాస్త్ర సంస్థకు అధిపతిగా నియమించింది. కార్యాలయ నియమాలు, సిబ్బందితో సర్దుబాట్లు ఆయన స్వభావానికి సరిపడలేదు. కొన్నేళ్లకే పదవి వదులుకున్నారు. ఆ తరువాత బయజీద్‌తో కలిసి మోటార్‌సైకిల్ మీద ఇటలీ అంతా వేల కిలోమీటర్లు తిరిగారు. డబ్బు కరిగిపోతూ వచ్చింది. ఇద్దరూ వియన్నాలోని అద్దె ఇంట్లో స్థిరపడ్డారు. ఆయన శిలాజ సేకరణలో చాలా భాగం అమ్మకాల ద్వారా లండన్ మ్యూజియానికి చేరింది. పుస్తకాలు కూడా అమ్ముకున్నారు. యవ్వనం నుంచి వెంటాడుతున్న మానసిక కుంగుబాటు తీవ్రమైంది.

ఆ స్థితిలోనూ పని ఆపలేదు. 1933లో మరొకరితో కలిసి ఆయన రాసిన ఒక వ్యాసం లండన్ జంతుశాస్త్ర సంఘం పత్రికలో వెలువడింది. బాతు ముక్కు డైనోసార్ల పక్కటెముకలను పలుచగా కోసి, సూక్ష్మదర్శిని కింద చూసి, పిల్ల జంతువు ఎముకకూ సగం ఎదిగిన జంతువు ఎముకకూ తేడా చెప్పిన వ్యాసం అది.

అదే సంవత్సరం ఏప్రిల్ 25న అంతా ముగిసింది. నిద్రలో ఉన్న బయజీద్‌ను నోప్చా కాల్చి చంపారు. తరువాత తన ప్రాణం తీసుకున్నారు. అప్పటికి నోప్చాకు 55 సంవత్సరాలు. పోలీసులకు రాసి ఉంచిన లేఖలో తన నరాల బలం పూర్తిగా పోయిందని, అనారోగ్యంతో ఉన్న బయజీద్‌ను చేతిలో పైసా లేకుండా ఒంటరిగా వదిలివెళ్లలేక చంపానని కారణం చెప్పారు. బయజీద్‌కు ఏ అనుమానమూ రాలేదనీ రాశారు.

ఆ చివరి మాటే ఈ కథలో అన్నిటికంటే బరువైనది. దీన్ని ఇద్దరు ప్రేమికులు కలిసి తీసుకున్న నిర్ణయంగా చెప్పే కథనాలు ఉన్నాయి. లేఖ మాత్రం అలా చెప్పడం లేదు. బయజీద్‌ను ఎవరూ అడగలేదు. ఆయన బతకాలనుకున్నారా లేదా అన్న ప్రశ్నకు ఆయన తరఫున నోప్చా జవాబిచ్చారు. పేదరికం, వ్యాధి, కుంగుబాటు ఆ పనికి నేపథ్యాన్ని వివరిస్తాయి. దాన్ని హత్య కాకుండా చేయవు.

ఎముక కోతలో దొరికిన జవాబు

నోప్చా మరణం తరువాత ఆయన ఆలోచనలు చాలాకాలం మూలపడ్డాయి. సింహాసనం కోరిన వింత బారన్ కథ మిగిలింది, మరుగుజ్జు డైనోసార్ల సిద్ధాంతం వెనక్కి పోయింది. తరువాత వచ్చిన వారిలో కొందరు ఆ ఎముకలు పిల్ల జంతువులవే అయి ఉండవచ్చని సందేహించారు. అదే లోయలో పెద్ద ఎముకలు కొన్ని దొరకడం ఆ సందేహాన్ని పెంచింది.

2010లో ఒక అంతర్జాతీయ బృందం మాగ్యారోసారస్ ఎముకలను కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. ఎదుగుతున్న జంతువు ఎముకకు ఒక అల్లిక ఉంటుంది. ఎదుగుదల ఆగిన ముసలి జంతువు ఎముకలో పాత కణజాలం కరిగి, దాని స్థానంలో కొత్తది మళ్లీ మళ్లీ ఏర్పడిన గుర్తులుంటాయి. చిన్న ఎముకల్లో కనిపించింది ఆ రెండో రకమే. అవి పూర్తిగా ఎదిగిన జంతువులు. వాటి బరువు ఒక టన్నుకు అటూ ఇటూగా ఉండేది. పెద్ద ఎముకలు వేరే జాతికి చెందినవి కావచ్చని ఆ బృందం భావించింది. ఆ పెద్ద జంతువులు దీవికి ఎలా వచ్చాయన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది. మరుగుజ్జుల విషయంలో మాత్రం నోప్చా మాట నిలిచింది.

అందులో వాడిన పద్ధతి, ఎముకను కోసి వయసు చెప్పడం, నోప్చా తన ఆఖరి సంవత్సరంలో అచ్చువేసిన పద్ధతే. ప్రశ్న వేసి దాదాపు వందేళ్లయ్యాక ఆయన చూపిన దారినే జవాబు వచ్చింది.

హత్సెగ్ లోయ నేడు యునెస్కో గుర్తించిన అంతర్జాతీయ జియోపార్కు. పిల్లలు బడుల నుంచి వచ్చి మరుగుజ్జు డైనోసార్ల నమూనాలను చూస్తారు. అల్బేనియా గురించి నోప్చా వదిలివెళ్లిన రాతప్రతులు ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి.

బయజీద్ రాసిన పుస్తకం 2007లో, ఆయన మరణించిన 74 ఏళ్లకు, అచ్చయింది. తాబేలు పేరులో ఆయన మరొకరి సహచరుడిగా కనిపిస్తారు. పుస్తకంలో ఆయన తన ఊరి గురించి, తన మనుషుల గురించి, తానుగా మాట్లాడతారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే నోప్చా జీవితాన్ని కొలిచే కొలబద్ద దొరుకుతుంది.